పట్టీ బిగించే ముందు, మాత్ర రాసే ముందు

ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి ఏడాది, ఒక మిట్టమధ్యాహ్నం లారీ డ్రైవరు ఒకాయన లైసెన్సు కోసం మెడికల్ సర్టిఫికెట్ రాయించుకోవడానికి వచ్చాడు. కింద టీ తాగి, బీడీ పారేసి, గబగబా మెట్లెక్కి వచ్చిన మనిషిని వచ్చీ రాగానే స్టూలు మీద కూర్చోబెట్టాను. ఏ ఊరు, ఏం లోడు అని అడుగుతూనే పట్టీ బిగించి బీపీ చూశాను. 170/100. చూసింది ఒక్కసారే. మాత్ర రాసిచ్చాను. మూడు వారాలకు తిరిగొచ్చి, "సార్, బండి నడుపుతుంటే కళ్లు తిరుగుతున్నయ్" అన్నాడు. మందు ఆపించి, వేర్వేరు రోజుల్లో కాసేపు కుదురుగా కూర్చోబెట్టి చూస్తే 128, 132, 126. ఆయనకు బీపీ లేనే లేదు. హైవే మీద ఆ కళ్లు తిరగడం ఎక్కడికి దారితీసేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

ఇంకో తప్పు దీనికి పూర్తిగా ఎదురు. ఒక టీచరమ్మ రెండేళ్లపాటు నా దగ్గరికి వచ్చారు. చూసిన ప్రతిసారీ 156, 160, 154. "కొంచెం ఎక్కువే ఉందమ్మా, ఉప్పు తగ్గించండి" అని అదే మాట చెప్పి పంపాను, మందు పెంచలేదు. మూడో ఏడు ఆవిడకు కుడివైపు పక్షవాతం వచ్చింది. బోర్డు మీద రాసే చెయ్యి అది.

లేని జబ్బును అంటగట్టడం, ఉన్న జబ్బును చూస్తూ ఊరుకోవడం. బీపీ విషయంలో వైద్యుల వల్ల జరిగే హాని చాలావరకు ఈ రెండింట్లోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 24 శాతం, స్త్రీలలో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. ఇంతమందిని చూసేది పెద్ద స్పెషలిస్టులు కాదు. పీహెచ్‌సీలో డ్యూటీ డాక్టరు, స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం, చిన్న ఊళ్లో క్లినిక్ పెట్టుకున్న ఎంబీబీఎస్. ఈ మాటలు వాళ్ల కోసం. రోగులు చదివినా మంచిదే, కానీ చదివి సొంతంగా మందు మార్చుకోవద్దు.

అంకె నిజమైనదేనా?

బీపీ చూడటానికి అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ, ఖైనీ, గుట్కా ఏవీ ఉండకూడదు. వరుసలో ఉన్నవాళ్లకు ఈ మాట ముందే చెప్పించండి. మూత్రానికి వెళ్లి రమ్మనండి, ఆపుకుని కూర్చుంటే అంకె పెరుగుతుంది. ఆ తర్వాత 5 నిమిషాలు వీపు ఆనుకునే కుర్చీలో కూర్చోబెట్టండి. మన క్లినిక్కుల్లో రోగికి వేసేది గుండ్రటి స్టూలు. బీపీ చూడటానికి అది పనికిరాదు. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. అంగుళం కిందికి వాలితే దాదాపు 2 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, పక్కకు వేలాడేస్తే ఎంత తేడా వస్తుందో మీరే లెక్కవేసుకోండి. చూస్తున్నంతసేపూ మీరు మాట్లాడొద్దు, రోగిని మాట్లాడనివ్వొద్దు. మాటలతోనే 10 మిల్లీమీటర్ల దాకా పెరగవచ్చు. నా లారీ డ్రైవరు విషయంలో నేను చేసిందదే.

పట్టీని బట్ట మీద కట్టకండి. అలాగని బిగుతైన జాకెట్టు చేతిని పైకి నెట్టి కట్టినా తప్పే, అది చేతి పైభాగాన్ని తాడులా నొక్కేస్తుంది. ఆడవాళ్లకు బీపీ చూసే చోట ఒక కర్టెన్, తోడుగా ఒక నర్సు ఉంటే, హుక్కులు వదులు చేసుకుని చెయ్యి బయటికి తీయడానికి ఎవరూ ఇబ్బంది పడరు. కర్టెన్ లేని గదిలో అమ్మలకు కొలిచే బీపీని నేను నమ్మను.

పట్టీ సైజు గురించి ఎంత చెప్పినా తక్కువే. లోపలి గాలి సంచి జబ్బ చుట్టుకొలతలో 80 శాతం దాకా చుట్టుకోవాలి. లావుపాటి చేతికి మామూలు పట్టీ కడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ ఎక్కువను చూసి మందు పెంచుతాం, ఆ మనిషి లేచి నిలబడి పడిపోతాడు. ప్రతి క్లినిక్‌లో ఒక పెద్ద పట్టీ కూడా ఉండాలి, తప్పదు. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతికి మాత్రం ఏ సైజు పట్టీ అయినా కట్టనే కట్టకూడదు. ఆ చేతి రక్తనాళం మూసుకుపోతే ఆ మనిషికి డయాలసిస్ దారే మూసుకుపోయినట్టు. రొమ్ము కేన్సర్ ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసిన వైపు కూడా వదిలేసి రెండో చేతికి చూడండి.

స్టెతస్కోపుతో చూసేవాళ్లు ముందు నాడి పట్టుకుని పట్టీలో గాలి నింపాలి. నాడి మాయమైన చోటినుంచి ఇంకో 30 పైకి వెళ్లి, సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున నెమ్మదిగా దించాలి. రష్యా సైనిక వైద్యుడు నికొలాయ్ కొరొత్కోవ్ 1905లో చెప్పిన ఆ చప్పుళ్లనే మనం ఇవాళ్టికీ వింటున్నాం. కొందరు పెద్దవాళ్లలో చప్పుడు మధ్యలో ఆగిపోయి కింద మళ్లీ మొదలవుతుంది. నాడి పట్టకుండా గాలి నింపితే 190 ఉన్న మనిషికి 150 అని రాసేస్తాం.

విన్న అంకెను విన్నట్టే రాయండి. మీ రిజిస్టరు ఒకసారి తెరిచి చూసుకోండి. 120/80, 130/80, 140/90 అని వరసగా సున్నాలే కనబడితే ఆ పేజీలో కొలతలు లేవు, అంచనాలున్నాయి. 138కీ 142కీ మధ్య ఒక మనిషి జీవితకాలపు మందు ఉంది, దాన్ని 140గా గుండ్రం చేసే హక్కు మనకు లేదు.

నిమిషం తేడాతో కనీసం రెండుసార్లు చూడండి. మొదటిది ఎక్కువుంటే మూడోసారి కూడా చూసి చివరి రెండింటి సగటు తీసుకోండి. తొలిసారి వచ్చినవాళ్లకు రెండు చేతులకూ చూసి, ఇకమీదట ఎక్కువ వచ్చిన చేతికే చూస్తుండండి. రెండింటి మధ్య తేడా 20 దాటితే అది రక్తనాళం సన్నబడిన గుర్తు కావచ్చు, వదలకండి. నాడి లయ తప్పి కొట్టుకునేవాళ్లలో డిజిటల్ మిషన్ తడబడుతుంది, అక్కడ చేత్తోనే మూడుసార్లు చూడాలి.

60 దాటినవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు నిలబెట్టి కూడా చూడండి. లేచిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, కూర్చున్నప్పటి అంకెను మాత్రమే నమ్మి మందు పెంచకూడదు. రాత్రి మూత్రానికి లేచి పడిపోయి తుంటి విరిగిన ముసలమ్మలను ఎముకల వార్డులో చూసినప్పుడు, పడ్డ రోజుకి ముందు వారంలో బీపీ మందు పెంచారా అని అడగడం నాకు అలవాటైంది. పెంచామని చెప్పినవాళ్లు ఉన్నారు.

తొందరపడి పేరు పెట్టకండి

140/90 లేదా ఆపైన, రెండు మూడు వేర్వేరు రోజుల్లో, 1 నుంచి 4 వారాల ఎడంతో కనబడితేనే బీపీ అని చెప్పండి. 2017 నుంచి అమెరికా గుండె వైద్యులు 130/80 దగ్గరే గీత గీశారు. మన జాతీయ కార్యక్రమాల్లో మాత్రం గీత 140/90 దగ్గరే ఉంది, నేనూ దాన్నే పాటిస్తాను. 180/110 దాటి, గుండె జబ్బో కిడ్నీ జబ్బో అప్పటికే ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు వారాల ఎదురుచూపు అక్కర్లేదు.

తెల్లకోటు చూడగానే బీపీ పెరిగేవాళ్లున్నారు. మన ముందు మామూలుగా ఉండి, ఇంట్లో, పనిలో పెరిగేవాళ్లూ ఉన్నారు. ఈ రెండోరకం వాళ్లే మన చేతుల్లోంచి జారిపోతారు. అనుమానం ఉంటే ఇంట్లో చూసుకోమనండి. వారం పాటు పొద్దున మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాసుకుని, మొదటిరోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు తీయాలి. ఇంట్లో గీత 135/85. మిషన్ జబ్బకు కట్టేదే ఉండాలి, మణికట్టుది వద్దు, చేతి గడియారంలో కనబడే అంకె అసలే వద్దు. భయంతో రోజుకు ఇరవైసార్లు చూసుకునేవాళ్లకు మిషన్ కొనమని చెప్పకండి, ఉంటే కొన్నాళ్లు బీరువాలో పెట్టమనండి.

"నాకు తల తిరగట్లేదు, మెడ నరాలు లాగట్లేదు, నాకు బీపీ ఎందుకుంటుంది?" అనే మాట రోజూ వింటాం. బీపీకి లక్షణాలు ఉండవని ఓపికగా చెప్పండి. తల తిరిగిన ప్రతిసారీ "బీపీ డౌన్ అయింది" అని సెలైన్ ఎక్కించే అలవాటును కూడా ఆపండి.

రాసే ముందు అడగండి

నేను మొదట అడిగేది మోకాళ్ల నొప్పుల గురించి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని దెబ్బతీస్తాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. "ఏ మందులూ వాడట్లేదు సార్" అన్నవాళ్లే, ఆర్ఎంపీ దగ్గర నెలకో ఇంజెక్షన్ వేయించుకుంటున్నామని అడిగితే ఒప్పుకుంటారు. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. జలుబు మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, నీళ్లలో వేస్తే నురగ వచ్చే బిళ్లలు, దగ్గుకు నమిలే అతిమధురం, అన్నీ పేరుపేరునా అడగండి. మందు బిళ్లల కవర్లు తెమ్మంటే ఇంకా మంచిది. మూడో బీపీ మాత్ర కలపాల్సి వచ్చిందనుకున్న ఎందరికో నొప్పి మాత్ర మాన్పించడంతోనే సరిపోయింది.

మూలికల గురించి అడిగేటప్పుడు ముఖం చిట్లించకండి, దాచేస్తారు. సర్పగంధి వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాకే ప్రపంచ వైద్యం దానివైపు తిరిగింది. అది మన నేల మందే. కానీ దాంతో మనసు కుంగిపోయే ప్రమాదం ఉంది, మన మాత్రతో కలిస్తే బీపీ అతిగా పడిపోవచ్చు. వాడుతున్నారో లేదో మనకు తెలియాలి.

మందుకు ముందు చేయించాల్సిన పరీక్షలు కొన్నే. రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, షుగరు, కొలెస్ట్రాల్, మూత్రంలో ప్రొటీన్, ఒక ఈసీజీ. ఇంతే. శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు పనిచేసేవాళ్లు క్రియాటినిన్ చూడకుండా ఏ మందూ మొదలుపెట్టొద్దు. అక్కడ కిడ్నీ జబ్బు చప్పుడు లేకుండా ఇంటింటా ఉంది, బీపీ మామూలుగా ఉన్నవాళ్లలో కూడా ఉంది.

40 ఏళ్లలోపు మనిషికి బీపీ కనబడితే కారణం వెతకండి. గజ్జల్లో నాడి పట్టి చూడండి. చిన్న వయసు అమ్మాయిల్లో ఒక చేతి నాడి అందకపోతే టకాయాసు జబ్బు గుర్తుకు రావాలి. పొటాషియం తక్కువుంటే అడ్రినల్ గ్రంథి. భార్యనో భర్తనో పక్కన కూర్చోబెట్టి గురక గురించి అడగండి.

మందు రాసేటప్పుడు

ఒకే మందును పెంచుకుంటూ పోవడం కన్నా, రెండు మందులు తక్కువ మోతాదులో కలిసిన ఒక్క మాత్ర చాలామందికి మేలు. మన దేశంలోనే 32 ఆస్పత్రుల్లో జరిగి 2024లో వెలువడిన టాప్‌స్పిన్ అధ్యయనంలో ఇలాంటి మూడు జంటలను పోల్చి చూశారు. మూడూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి, ఆరు నెలలకు దాదాపు 70 శాతం మంది 140/90 కిందికి వచ్చారు. 80 దాటినవాళ్లకు, బాగా బలహీనంగా ఉన్నవాళ్లకు మాత్రం ఒక్క మందుతో, చిన్న మోతాదుతో మొదలుపెట్టండి.

ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాస్తాయి. ఆ వాపుకు నీటి మాత్ర రాయకండి. అది ఒంట్లో చేరిన నీరు కాదు, మందు చేసిన పని. నీటి మాత్రతో వాపు పోదు, పొటాషియం పడిపోతుంది, దానికి ఇంకో సిరప్ రాస్తాం. మోతాదు తగ్గించండి, లేదా టెల్మిసార్టాన్ లాంటిది జత చేయండి. టెల్మిసార్టాన్ కోవకు చెందినదాన్నీ ఎనాలప్రిల్ కోవకు చెందినదాన్నీ కలిపి ఎప్పుడూ ఇవ్వకండి. వీటిలో ఏది మొదలుపెట్టినా రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. క్రియాటినిన్ 30 శాతంలోపు పెరిగితే కంగారుపడి ఆపక్కర్లేదు. క్లోర్తాలిడోన్ వాడే పెద్దాయన రెండు రోజులుగా తికమకగా మాట్లాడుతున్నాడని ఇంట్లోవాళ్లు అంటే, వయసు మీద పడిందని సర్దిచెప్పకండి. సోడియం చూడండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో పనిచేసి వడదెబ్బ తగిలినప్పుడు, నీటి మాత్రలను, టెల్మిసార్టాన్ కోవ మందులను ఆ రెండు మూడు రోజులు ఆపాలి. ఈ సంగతి ఎండాకాలం రాకముందే చెప్పి, చీటీ మీద రాసివ్వండి. అటెనొలాల్, క్లోనిడిన్‌ల విషయంలో దీనికి తలకిందులు, అవి ఉన్నట్టుండి మానకూడదు.

పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అని అడుగుతారు. ఇరవై వేల మందికి పైగా పాల్గొన్న బ్రిటన్ టైమ్ అధ్యయనం 2022లో దీనికి జవాబిచ్చింది, తేడా లేదు. మర్చిపోకుండా వేసుకోగలిగే వేళే మంచి వేళ.

అందరికీ 140/90 కిందికి తేవాలి. షుగరు, కిడ్నీ, గుండె జబ్బులు ఉండి, తట్టుకోగలిగినవాళ్లకు 130/80 కిందికి. అక్కడికి చేరేదాకా నెలనెలా చూసి మందు సర్దండి. వరసగా రెండుసార్లు ఎక్కువ కనబడి, మాత్ర సరిగ్గా వేసుకుంటున్నట్టు తేలితే, "వచ్చేసారి చూద్దాం" అనొద్దు. ఆ మాట అనబోయిన ప్రతిసారీ నాకు టీచరమ్మ చెయ్యి గుర్తొస్తుంది.

200 కనబడిన రాత్రి

అంకె ఎంత ఉందన్నది తర్వాత. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, మూతి వంకర, చూపు మసక, ఫిట్స్, ఇవి ఉన్నాయా అని చూడండి. ఉంటే ఆలస్యం చేయకుండా ఐసీయూ ఉన్న చోటికి పంపాలి. ఏవీ లేకపోతే అది అత్యవసరం కాదు. నెమ్మదిగా పడుకోబెట్టి, మానేసిన మందు ఉంటే మళ్లీ మొదలుపెట్టించి, రెండు మూడు రోజుల్లో రమ్మనండి.

నాలుక కింద నిఫెడిపిన్ చుక్కలు వేయకండి. దయచేసి వేయకండి. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడిన మెదడు రక్తనాళాలు, బీపీ ఒక్కసారిగా కుప్పకూలితే రక్తాన్ని అందించలేవు. బాగానే నడుచుకుంటూ వచ్చిన మనిషి మన బల్ల మీదే పక్షవాతంలోకి, గుండెపోటులోకి జారిపోతాడు. ఈ పద్ధతి వదిలేయాలని 1996లోనే అమెరికా వైద్య పత్రికలో వైద్యులు గట్టిగా రాశారు. మన ఊళ్లలో ఇంకా పోలేదు. నిజమైన అత్యవసరంలో కూడా, బృహద్ధమని చీలిక లాంటి కొన్నింటిని వదిలేస్తే, మొదటి గంటలో తగ్గించేది 25 శాతానికి మించకూడదు. పక్షవాతంతో వచ్చిన మనిషికి సీటీ స్కాన్ కాకముందు మీరే బీపీ దించేయకండి. రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతంలో, గడ్డ కరిగించే మందు ఇవ్వకపోతే, 220/120 దాకా ముట్టుకోకపోవడమే మేలు.

గర్భిణికి 140/90 అంటే చిన్న విషయం కాదు. 160/110 అంటే ఆ పూటే ఆస్పత్రి. లాబెటలాల్, నిఫెడిపిన్ మాత్రలు, మిథైల్‌డోపా ఆమెకు ఉన్నాయి. టెల్మిసార్టాన్, ఎనాలప్రిల్ కోవ మందులు కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. పెళ్లయిన కొత్తలో ఉన్న అమ్మాయికి వాటిని రాసే ముందు ఒక్క ప్రశ్న అడిగి తీరాలి.

ఉప్పు సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, ఒక చెంచా. "కూరలో ఉప్పు తగ్గించాం సార్" అంటారు. నిజమే, తగ్గించారు. ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడం, వడియం, ఎండుచేప, మజ్జిగలో చిటికెడు, ఇవి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆవకాయ మానేయమని చెప్పిన డాక్టరు మాట తెలుగింట్లో నిలవదు. రోజూ అన్నది వారానికి రెండు పూటలు చేయమని చెప్పండి, అది నిలుస్తుంది. సైంధవ లవణం కూడా ఉప్పే. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు చాలామందికి మంచిదే గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. అడక్కుండా కొననివ్వకండి.

మానేసినవాళ్లు

2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాన్నుంచి నేను నేర్చుకున్నది, ఒకే రకం మందుల వరుస, నెలకు సరిపడా మాత్రలు, రానివాళ్ల జాబితా. మూడోదే మన క్లినిక్కుల్లో ఉండదు. వచ్చినవాళ్లను చూస్తాం, రానివాళ్లు ఎవరో మనకు తెలియదు. ఒక నోటుబుక్కు పెట్టండి. నెల దాటి వారం గడిచినా రానివాళ్లకు ఫోన్ చేయించండి. ఫోన్ లేకపోతే ఆశా కార్యకర్తకు చెప్పండి, ఆ ఇల్లు ఆమెకు తెలుసు.

"మందులు వేసుకుంటున్నారా?" అని అడగకండి. అందరూ ఔననే అంటారు. "పోయిన వారంలో ఎన్ని రోజులు వేసుకోవడం కుదరలేదు?" అని అడగండి. మొన్న ఒక పెద్దావిడను అలాగే అడిగితే కాసేపు నేలకేసి చూసి, "నాలుగు రోజులయ్యా" అంది. మనవడి ఫీజు కట్టారట, మాత్రలకు డబ్బుల్లేవు. ఆమెకు 104 బండి ఏ తారీఖున వాళ్ల ఊరికి వస్తుందో కనుక్కుని చీటీ వెనక రాసిచ్చాను.